సీట్లు మనవే, బీ ఫారాలు ఎవరివి?

 ఈ భాగం కొంచెం పొడుగైంది. ఓపిక చేసుకొని చదవండి.

ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 10 అసెంబ్లీ సీట్లు. వేళ్ల మీద లెక్కపెట్టండి. భద్రాచలం, పినపాక, ఇల్లందు, అశ్వారావుపేట, వైరా, ఈ ఐదూ ఎస్టీ. మధిర, సత్తుపల్లి, ఈ రెండూ ఎస్సీ. జనరల్‌కు మిగిలింది ఖమ్మం, పాలేరు, కొత్తగూడెం, మూడే. 2008 పునర్విభజన తర్వాత నుంచి ఇదే లెక్క. పదిలో ఏడు మనవి. కాగితం మీద చూసినోడు ఈ జిల్లాను దళితులూ ఆదివాసీలూ ఏలుతున్నారనుకుంటాడు. ఇక్కడ పుట్టినోడికి తెలుసు ఎవరు ఏలుతున్నారో. నామినేషన్ల ముందు రోజు రాత్రి ఏ ఇంటి గేటు ముందు బండ్లు ఆగుతాయో చూస్తే చాలు. ఆ ఇల్లు ఉండేది జనరల్ సీట్లలోనే.

సీటు ఒకటి, పార్టీ ఇంకొకటి. రాజ్యాంగం మనకు సీటు ఇచ్చింది. పార్టీని ఎవరూ ఇవ్వరు, కట్టుకోవాల. మొన్న ఒక హాస్టల్ మీటింగుల ఒక చెల్లె లేచి అడిగింది, "అన్నా, మనకు సొంత పార్టీ అసలెప్పుడన్నా ఉండెనా?" అని. డిగ్రీ చదివే పిల్ల. తెలంగాణ చరిత్ర పేపరు కోసం సాలార్‌జంగ్ సంస్కరణలు వరసగా అప్పజెప్పగలదు. ఈ ఒక్క సంగతి ఆమె సిలబస్‌లో లేదు. అందుకే ఇది రాస్తున్న.

ఉండె చెల్లే. బాగానే ఉండె.

భాగ్యరెడ్డి వర్మ గారి పేరు మీకు తెలుసు. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి, 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి, "మేము పంచములం కాదు, ఈ నేల మొదటి బిడ్డలం" అనే మాటను తెలుగు నేలంతా నాటిన మనిషి. ఆయన తరం వేసింది సంఘాల పునాది. తర్వాతి తరం దాని మీద రాజకీయం కట్టింది. నిజాం రాజ్యంలో డిప్రెస్డ్ క్లాసెస్ అసోసియేషన్‌ను నడిపింది బి.ఎస్.వెంకటరావు, శ్యామ్‌సుందర్. 1942లో నాగపూర్‌లో బాబాసాహెబ్ షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ పెట్టినంక, హైదరాబాద్‌లో ఆ జెండా పట్టింది జె.హెచ్.సుబ్బయ్య. అంటే అప్పటికే మనకు ఒకటి కాదు, రెండు పార్టీలు. రెంటికీ పడదు కూడా.

ఎందుకు పడదో చెప్పుకోవాల, ఎందుకంటే ఇప్పటికీ మనోళ్లను కొట్టడానికి వాడే కర్ర ఇదే. వెంకటరావు 1947లో లాయక్ అలీ ప్రభుత్వంలో మంత్రి అయిండు. దళితుల చదువుకు కోటి రూపాయల నిధి పెట్టించిండు. 1940లలో కోటి అంటే ఎంతో మీరే ఊహించుకోండి. శ్యామ్‌సుందర్ ఇంకా ముందుకు పోయి, 1948 సెప్టెంబరులో నిజాం తరఫున ఐక్యరాజ్యసమితికి పోయిన బృందంలో ఉన్నడు. ఇటు బాబాసాహెబ్ 1947 నవంబరులోనే ప్రకటన ఇచ్చిండు: షెడ్యూల్డ్ కులాలవాళ్లు నిజాం పక్షాన నిలబడొద్దు, ఇండియన్ యూనియన్‌కు వ్యతిరేకంగా పోయి మొత్తం జాతికి చెడ్డపేరు తేవొద్దు అని. సుబ్బయ్య ఆ దారిల ఉన్నడు.

మన సార్లు కొందరు వెంకటరావును, శ్యామ్‌సుందర్‌ను రజాకార్ల తొత్తులని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తరు. నేను ఆ పని చెయ్యను. తొత్తు అనే మాట అనడానికి ముందు ఒక ప్రశ్న అడగాల. ఆ రోజు మాలపల్లికి, మాదిగవాడకు కోటి రూపాయలు పెడతామన్న ఇంకో పార్టీ ఏది? స్టేట్ కాంగ్రెస్ నాయకుల్లో ఎంతమంది తమ ఊరి బావిలో మనల్ని చేద వెయ్యనిచ్చిండ్రు? అట్లని వాళ్ల దారి సరైందని కూడా నేనను. ఓడిపోయే రాజు పక్కన నిలబడితే రాజుతోపాటు మునుగుతం. బాబాసాహెబ్ చూసింది అదే. ఏదైనా గానీ, ఇద్దరికీ ఒక బలం ఉండె. వాళ్ల వాకిట్లోకి నిజామూ రావాల్సి వచ్చింది, నెహ్రూ ప్రభుత్వమూ లెక్క చూసుకోవాల్సి వచ్చింది. ఈ రోజు ఏడు సీట్లున్న మన వాకిట్లోకి ఎవడన్నా బేరానికి వస్తున్నడా? వస్తే క్వార్టర్ సీసాతో వస్తున్నడు, అదీ పోలింగ్‌కు ముందు రాత్రి.

1952 ఎన్నికలు. హైదరాబాద్ స్టేట్ అసెంబ్లీకి 175 సీట్లు. కాంగ్రెస్‌కు 93, పీడీఎఫ్‌కు 42. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు 5. గుర్తు ఏనుగు. నవ్వకండి, ఐదే అని. దేశం మొత్తం మీద ఆ ఎన్నికల్లో ఫెడరేషన్‌కు వచ్చిన లోక్‌సభ సీట్లు రెండు. ఒకటి షోలాపూర్ నుంచి పి.ఎన్.రాజభోజ్. రెండోది మన కరీంనగర్ నుంచి ఎం.ఆర్.కృష్ణ. సాక్షాత్తూ అంబేద్కర్ బొంబాయిలో ఓడిపోయిన ఎన్నికల్లో, తెలంగాణ నేల ఏనుగు గుర్తు మీద ఒక దళితుణ్ణి పార్లమెంటుకు పంపింది. ఈ వాక్యం రెండుసార్లు చదవండి. మీ పాఠ్యపుస్తకంలో లేదు కాబట్టి చెప్తున్న.

ఆ గెలుపు వెనక ఒక కిటుకుంది. అప్పుడు కరీంనగర్ ద్విసభ్య నియోజకవర్గం. ఒక సీటు జనరల్, ఒకటి రిజర్వుడు, ఓటరుకు రెండు ఓట్లు. జనరల్ సీటు పీడీఎఫ్ అభ్యర్థి బద్దం ఎల్లారెడ్డిది, రిజర్వుడు సీటు కృష్ణది. రెండు ఓట్లుంటే చిన్న పార్టీకి ఊపిరి ఆడుతుంది. పెద్ద పార్టీకి ఒకటి వేసి, ఇంకొకటి మనోడికి వేయించుకోవచ్చు. 1961లో చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలను ఎత్తేసిండ్రు. అప్పటినుంచి ఉన్నది ఇప్పటి పద్ధతి: ఒక సీటు, ఒక ఓటు, ఎక్కువ ఎవడికొస్తే వాడే.

తర్వాత ఏమైంది? కృష్ణ గారు 1957 నాటికి కాంగ్రెస్. పెద్దపల్లి నుంచి చాలా కాలం కాంగ్రెస్ ఎంపీ. బాబాసాహెబ్ పోయిన మరుసటేడు, 1957 అక్టోబరు 3న నాగపూర్‌లో ఫెడరేషన్ రద్దయి రిపబ్లికన్ పార్టీ పుట్టింది. మన దగ్గర ఆ పార్టీకి ఉన్న ఒకే ఒక్క గట్టి గొంతు జెట్టి ఈశ్వరీబాయి. 1967లో ఎల్లారెడ్డి నుంచి గెలిచి, అసెంబ్లీలో మంత్రులకు చెమటలు పట్టించింది. ఆమె బిడ్డ గీతారెడ్డి గారు కాంగ్రెస్‌లో మంత్రి అయిండ్రు. తల్లి ఏనుగు, బిడ్డ చెయ్యి. ఇది ఎత్తిపొడుపు కాదు. ఒక తరంలో మన పార్టీ ఎట్లా ఆవిరైందో చెప్పడానికి ఇంతకన్నా పొట్టి కథ నాకు దొరకలేదు.

కారంచేడు 1985 జులై 17. చుండూరు 1991 ఆగస్టు 6. ఈ రెండు తేదీల మధ్య మనోళ్లు మళ్లా రోడ్డెక్కిండ్రు, మళ్లా పార్టీ అన్నరు. కాన్షీరామ్ 1984లో పెట్టిన బీఎస్పీ ఈ గాలిలోనే ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. 1994 ఎన్నికల ముందు సభలు చూసినవాళ్లను అడగండి, ఇసకేస్తే రాలని జనం అంటరు. ఫలితం సున్నా. ఒక్క సీటు రాలే. తర్వాత 20 ఏళ్లకు, 2014లో, తెలంగాణలో ఏనుగు గుర్తు మీద ఇద్దరు గెలిచిండ్రు. నిర్మల్‌లో ఇంద్రకరణ్ రెడ్డి, సిర్పూర్‌లో కోనేరు కోనప్ప. ఇద్దరూ దళితులు కారు. సొంత పార్టీలో టికెట్ దొరక్క మన ఏనుగెక్కి నది దాటిండ్రు, ఒడ్డు చేరంగనే దిగి టీఆర్ఎస్‌లోకి నడిచిండ్రు. 2021లో ఐపీఎస్ వదిలి వచ్చిన ఆర్.ఎస్.ప్రవీణ్ కుమార్ గారి చుట్టూ గురుకులాల పిల్లలు ఎంత ఆశతో తిరిగిండ్రో మీకు నేను చెప్పక్కర్లేదు, మీలో చాలామంది తిరిగిండ్రు. 2023లో సిర్పూర్‌లో ఓటమి, 2024 మార్చిలో బీఆర్ఎస్ కండువా. ఆయనను తిట్టడం తేలిక. తిట్టి పడుకుంటే రేపు పొద్దున ఇంకొకాయన వస్తడు, అదే దారిల పోతడు. మనుషుల్ని కాదు, ఆ దారిని చూడాల.

ఆ దారి పూనా నుంచి మొదలైంది. 1932లో కమ్యూనల్ అవార్డు మనకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది: మన ఓట్లతో మనోడే గెలుస్తడు. గాంధీ నిరాహార దీక్ష, సెప్టెంబరు 24న ఒప్పందం. 71 సీట్లు 148 అయినయి, కానీ ఓటు ఉమ్మడి అయింది. సంఖ్య పెరిగింది, తాళం చెవి చేతులు మారింది. ఇప్పుడు ఒక రిజర్వుడు సీటులో ఏం జరుగుతుందో నిదానంగా చూడండి. అన్ని పార్టీల అభ్యర్థులూ మనోళ్లే కాబట్టి మన ఓటు ముక్కలైతది. మన మధ్య పోటీ మనకే. ఎవడు గెలవాల్నో తేల్చేది మిగతా జనం, ముఖ్యంగా ఆ మిగతా జనాన్ని కట్టగట్టగలిగిన ఊరి పెద్దలు. వాళ్లకు నచ్చే దళితుడు ఎట్లాంటోడు? అడిగేటోడా, అణిగేటోడా? 1946 ఎన్నికల్లో మన ఓటర్లు మాత్రమే వేసిన ప్రైమరీల్లో ఫెడరేషన్‌కు ఓట్లు వచ్చిన చోట్ల కూడా, తుది ఎన్నికలో కాంగ్రెస్ హరిజన అభ్యర్థి గెలుస్తూ పోయిండు. సొంత పార్టీ గల దళితుడు రిజర్వుడు సీటులో ఓడిపోవడం ప్రమాదం కాదు, ఆ సీటు అట్లా తయారైంది.

ఖర్గే గారు కాంగ్రెస్ అధ్యక్షుడు గదా, భట్టి గారు మధిర నుంచి నాలుగుసార్లు గెలిచి ఉప ముఖ్యమంత్రి అయిండు గదా, సీపీఎం రాష్ట్ర కార్యదర్శిగా జాన్ వెస్లీ గారు వచ్చిండు గదా అంటరు. వచ్చిండ్రు, సంతోషమే, మన పిల్లలు వాళ్లను చూసి ఎదగాల. కానీ ఒక ఇంట్లో పెద్ద గదిలో కూర్చోవడం వేరు, ఇల్లు మన పేరు మీద ఉండడం వేరు.

ఇగ గోదావరి అవతలికి పోదాం. ఎందుకంటే పైన చెప్పిన లెక్క అంతా దళితులది. మనం ప్రతి ఊర్లో ఉన్నం, ఏ ఊర్లోనూ ఎక్కువ లేం. కోయల పరిస్థితి వేరు. దుమ్ముగూడెం, చర్ల, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, అటు దాటితే కుంట, సుకుమా. ఒకే జాతి, ఒకే భాష, పక్కపక్క గూడేలు. ఒక్కచోట గుంపుగా ఉన్న జాతికి సొంత పార్టీ పెట్టుకోవడం, గెలవడం మనకన్నా తేలిక కావాల. జార్ఖండ్‌లో జైపాల్ సింగ్ ముండా చేసి చూపించిండు, 1952లో బీహార్ అసెంబ్లీలో ఆయన పార్టీ 30కి పైగా సీట్లతో ప్రధాన ప్రతిపక్షం. 1963లో ఆయనే దాన్ని తీసుకపోయి కాంగ్రెస్‌లో కలిపిండు, అది వేరే విషాదం. ఛత్తీస్‌గఢ్ వైపు 1991లో గోండ్వానా గణతంత్ర పార్టీ పుట్టింది. 2023లో పుట్టిన భారత్ ఆదివాసీ పార్టీ ఆ ఏడే రాజస్థాన్‌లో మూడు, మధ్యప్రదేశ్‌లో ఒకటి గెలిచి, 2024లో బాన్స్‌వాడా నుంచి రాజ్‌కుమార్ రోత్‌ను లోక్‌సభకు పంపింది. మరి భద్రాచలంలో ఎందుకు పుట్టలే?

నా సమాధానం: పుట్టడానికి నేల నిలకడగా ఉండనిచ్చిండ్రా?

1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి తీసి మద్రాసు రాజ్యంలోని గోదావరి జిల్లాకు కలిపిండ్రు. ఐదేళ్లకు, 1879లో, రంప పితూరీ లేచినప్పుడు రేకపల్లి కూడా లేచింది. అటవీ రూల్సు మారినయి, పోడు మీద పన్ను మారింది, అడిగేటోడు లేడు. 1935 చట్టం కింద మద్రాసు అసెంబ్లీకి 215 సీట్లిస్తే, మన్యం ప్రాంతాలకూ తెగలకూ కలిపి ఇచ్చింది ఒక్కటి. గోదావరికి ఇవతల పాల్వంచ, బూర్గంపాడు నిజాంవి, అవతల భద్రాచలం ఇంగ్లీషోడిది. ఒకే కోయ కుటుంబంలో అన్న నిజాం రైతు, తమ్ముడు మద్రాసు రైతు. 1953లో వరంగల్ నుంచి విడదీసి ఖమ్మం జిల్లా చేసిండ్రు. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తెచ్చి దాంట్ల కలిపిండ్రు. సరే, అప్పుడన్నా ఒక గొడుగు కిందికి వచ్చిండ్రు. భద్రాచలం పేరుతో ఎస్టీ లోక్‌సభ సీటు కూడా ఉండె. 2004లో దాన్ని గెలిచింది సీపీఎం నుంచి మిడియం బాబూరావు గారు. 2008 పునర్విభజనలో ఆ సీటు పేరే మాయమైంది. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలు ఆంధ్రకు పోయినయి. 2016లో మిగిలినదాన్ని మళ్లా కోసి, వాజేడు, వెంకటాపురం భూపాలపల్లి జిల్లాకు పంపి, ఆ తర్వాత ములుగుకు మార్చిండ్రు. అసెంబ్లీ నియోజకవర్గం మాత్రం భద్రాచలమే. ఎమ్మెల్యే ఒక జిల్లా, కలెక్టర్ ఇంకో జిల్లా.

ఈ కోతల్లో ఒక మనిషి బతుకు చెప్తా. సున్నం రాజయ్య. కోయ బిడ్డ, భద్రాచలం నుంచి 1999, 2004, 2014, మూడుసార్లు సీపీఎం ఎమ్మెల్యే. బస్సులో తిరిగే ఎమ్మెల్యే అని పేరు. ఊరు వరరామచంద్రాపురం మండలం సున్నంవారిగూడెం. 2014 ఏప్రిల్ 30న, ఆ ఏడు మండలాల్లో భద్రాచలం నియోజకవర్గం కింద ఉన్నవాటి జనం కూడా ఆయనకు ఓటేసిండ్రు. ఆ తర్వాత పార్లమెంటు పునర్విభజన చట్టాన్ని సవరించింది. ఆయన తెలంగాణ అసెంబ్లీలో ఎమ్మెల్యే, ఆయన ఇల్లు ఆంధ్రలో. ఆయనకు ఓటేసిన జనం ఆంధ్రలో, వాళ్లకు ఆయన ఎమ్మెల్యే కాదు. 2018 ఎన్నికల నాటికి ఆ మండలాలు భద్రాచలం ఓటరు జాబితాలో లేవు. 2019లో ఆయన ఆంధ్ర వైపు రంపచోడవరంలో నిలబడి ఓడిపోయిండు. 2020 ఆగస్టులో కరోనా తీసుకపోయింది. ఒక జాతి ఓటును రెండు ముక్కలు చేస్తే ఏమైతదో చెప్పడానికి థియరీ అక్కర్లేదు, ఈ ఒక్క మనిషి చాలు. ఆ సవరణ మీద పార్లమెంటులో ఓటు పడ్డ రోజు, కోయల తరఫున, కోయల పార్టీగా, వద్దు అని లేచి నిలబడడానికి ఒక్కరూ లేరు. వ్యతిరేకించిన పార్టీలు ఉన్నయి. వాళ్లు తెలంగాణ భూమి పోతుందని అన్నరు. కోయ నేల రెండుగా చీలుతుందని ఎవరన్నరు?

ఎర్రజెండాను నేను చిన్నచూపు చూడను. ఈ అడివంచున కూలి రేటు అడిగింది, తునికాకు కట్ట ధర పెంచమని కొట్లాడింది, పోడు భూమి మీద ఫారెస్టోళ్ల కందకాలు పూడ్చింది వాళ్లే. కుంజా బొజ్జి గారు 1985, 1989, 1994, మూడుసార్లు ఎమ్మెల్యే అయినా మనిషి మారలే. ఇల్లందులో గుమ్మడి నర్సయ్య గారు ఐదుసార్లు గెలిచి సైకిల్ మీదనే ఉన్నడు. ముగ్గురూ కోయలు. ముగ్గురి నిజాయితీకి నేను దండం పెడ్త. నా గొడవ వేరే. వాళ్ల పార్టీలు వాళ్లను ఎమ్మెల్యేలను చేసినయి, లైను తయారుచేసే కాడ ఎంతమంది కోయలను కూర్చోబెట్టినయి? గూడెం అంటే వాళ్లకు వ్యవసాయ కూలీల సమస్య, భూమి సమస్య. భాష? కోయ భాషలో బడి? వేల్పులు, ఇంటిపేర్లు, గట్లు? అవి "సాంస్కృతికం" అని పక్కన పెట్టిండ్రు. సాంస్కృతికం అన్నదాంట్లోనే జాతి ఉంటది.

ఇక్కడ ఒక దూరదేశం సంగతి. బాల్కన్‌లో మాసిడోనియా అని చిన్న దేశం, జనాభా మన ఉమ్మడి ఖమ్మం జిల్లా కన్నా తక్కువ. అందులో నాలుగో వంతు ఆల్బేనియన్లు. కోయల లాగే వాళ్లనూ సరిహద్దులు కోసినయి: ఆల్బేనియా, కొసొవో, మాసిడోనియా, మాంటెనీగ్రో, దక్షిణ సెర్బియా. మాసిడోనియాలో వాళ్లు 1990లో సొంత పార్టీ పెట్టుకున్నరు. ప్రభుత్వాల్లో చేరిండ్రు, మంత్రి పదవులు తీసుకున్నరు, కానీ తమ భాషలో యూనివర్సిటీ కూడా తెచ్చుకోలేకపోయిండ్రు. 1994లో టెటోవోలో వాళ్లే పెట్టుకుంటే పోలీసులు వచ్చి మీదపడ్డరు. దానికి చట్టబద్ధత వచ్చింది 2004లో. మధ్యలో 2001లో తుపాకులు లేచినయి, ఆగస్టు 13న ఒహ్రిడ్ ఒప్పందం అయింది. ఆ ఒప్పందంలో ఒక ముక్క మనకు పనికొస్తది. భాష, సంస్కృతి, స్థానిక పాలన లాంటి విషయాల మీద చట్టం చెయ్యాలంటే మొత్తం సభలో మెజారిటీ చాలదు. మైనారిటీ జాతుల సభ్యుల్లో కూడా మెజారిటీ ఒప్పుకోవాల.

ఇప్పుడు మన అసెంబ్లీకి రండి. 119లో ఎస్సీ 19, ఎస్టీ 12. మొత్తం 31 మంది. ఈ 31 మందీ ఒక్కటై వద్దన్నా ఒక్క చట్టం ఆగదు. ఐదో షెడ్యూలు కింద గిరిజన సలహా మండలి ఉంది గదా అంటే, దాని పేరులోనే ఉంది, సలహా. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. లాక్‌డౌన్ రోజులు, రోడ్ల మీద మనిషి లేడు. బీఈడీ చేసి ఎదురుచూస్తున్న కోయ పిల్లల బతుకు ఆ రోజు ఒక్క తీర్పుతో పోయింది. దానికి బదులుగా చట్టం తెమ్మని ఎస్టీ ఎమ్మెల్యేలంతా పార్టీలు పక్కనపెట్టి అసెంబ్లీని ఒక్క రోజన్నా ఆపిండ్రా? ఆపలేరు. విప్ వాళ్ల మెడ మీద ఉంది, విప్ పట్టుకున్న చెయ్యి వాళ్లది కాదు.

అయితే మిత్రులారా, ఆ దేశం కథలో రెండో సగం కూడా చదవాల. తుపాకీ దించినవాళ్లు 2002లో పెట్టిన పార్టీ డీయూఐ, నాయకుడు అలీ అహ్మెతి. ఆ ఏడు నుంచి 2024 దాకా, మధ్యలో రెండేళ్లు తప్ప, ప్రతి ప్రభుత్వంలో ఉంది. ఎవరు గెలిచినా వాళ్ల పక్కన సీటు గ్యారంటీ. నౌకరీ కావాలంటే పార్టీ కార్డు, కాంట్రాక్టు కావాలంటే పార్టీ మనిషి అన్న పేరు తెచ్చుకుంది. చివరికి ఆల్బేనియన్లలోనే చాలామంది విసిగి 2024లో ఇంకో కూటమి వైపు తిరిగిండ్రు, డీయూఐ ప్రభుత్వం నుంచి బయటపడ్డది. సొంత పార్టీ కూడా సొంత దొరలను పుట్టిస్తది. ఇది దాచిపెట్టి మీకు పార్టీ మీద ప్రేమ నూరిపోస్తే నేను మోసం చేసినట్టు.

ఇంకో తేడా కూడా చూడండి. అక్కడ ఓట్ల నిష్పత్తిని బట్టి సీట్లు. నూటికి ఇరవై ఓట్లొస్తే సుమారు ఇరవై సీట్లు. సెర్బియాలో మైనారిటీ జాతుల పార్టీలకు 5 శాతం అడ్డుగోడ తీసేసిండ్రు. దాంతో ప్రెషెవో లోయ ఆల్బేనియన్లు 2007లో తమ మనిషి రిజా హలీమిని బెల్‌గ్రేడ్ పార్లమెంటుకు పంపగలిగిండ్రు. ఒక్క సీటే. కానీ తమ పార్టీ సీటు. మన దగ్గర నూటికి ఇరవై ఓట్లొస్తే డిపాజిట్ దక్కుతది, అంతే. దళిత సంఘాల మేనిఫెస్టోల్లో నిష్పత్తి ప్రాతినిధ్యం అన్న మాట ఎక్కడో చివరి పేజీలో, సమయం మిగిలితే చదివే చోట ఉంటది. దాన్ని మొదటి పేజీకి తేవాల్నంటున్న. లేకపోతే ప్రతి తరం ఒక ఏనుగును పెంచి ఎవడో ఒకడికి అప్పజెప్తనే ఉంటది.

ఆ ప్రెషెవోలోనే, వలసపోయిన ఆల్బేనియన్ల చిరునామాలను రిజిస్టర్ల నుంచి కొట్టేస్తున్నరని ఏళ్లుగా ఫిర్యాదు. చిరునామా పోతే ఓటు పోతది. చదువుతుంటే నాకు మన గుత్తికోయలు గుర్తొచ్చిండ్రు. 2005 సల్వాజుడుం తర్వాత ప్రాణాలు చేత పట్టుకొని ఇటు వచ్చినవాళ్లు. గోదావరి అవతల ఎస్టీ, ఇవతల ఎవరూ కాదు. కుల పత్రం లేదు, పట్టా లేదు. కొందరికి ఓటు మాత్రం ఉంది, ఎన్నికలప్పుడు పనికొస్తరని. వాళ్ల కోసం పెట్టే పార్టీ ఏ రాష్ట్రంలో రిజిస్టర్ కావాల?

చివరికి అందరికన్నా ఇబ్బంది పెట్టే ప్రశ్న. ఏజెన్సీలో ఉండే దళితుడు ఎవరి పార్టీలో ఉండాల? 1/70 చట్టం ప్రకారం మనం గిరిజనేతరులం. భూమి కొనలేం. అటవీ హక్కుల చట్టంలో ఆదివాసీకి 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉంటే చాలు. మనకు దాని వెనక 75 ఏళ్లు, మూడు తరాలు అక్కడే ఉన్నట్టు రుజువు కావాల. తాత పేరు ఏ రికార్డులో రాయనిచ్చిండ్రని రుజువు తెస్తం? పెసా కింద సర్పంచ్ పదవులన్నీ ఎస్టీలకే. సరిగ్గా ఈ పుండు మీదనే గిరిజనేతర సంఘాల పేరుతో కోస్తా నుంచి వచ్చిన భూస్వాములు చెయ్యి వేస్తరు. "మీరూ గిరిజనేతరులే, మేమూ గిరిజనేతరులమే, కలిసి 1/70ని రద్దు చేయిద్దాం" అంటరు. పొగాకు బ్యారన్ దగ్గర వంద ఎకరాలు బినామీ, మన దగ్గర గుడిసె కింద రెండు గుంటలు. ఇద్దరం ఒకటే అట! ఆ ఊరేగింపులో ముందు వరస మనోళ్లది, ఫ్లెక్సీ ఖర్చు వాళ్లది. 1/70 పోతే మొదట పోయేది కోయ భూమి, తర్వాత పోయేది మన గుడిసె. ఆ భూమి కొనుక్కునే డబ్బు మన దగ్గర లేదని వాళ్లకు బాగా తెలుసు.

అట్లని ఆదివాసీ పార్టీ వస్తే దాంట్లో మనకు చోటుంటదని కూడా భ్రమ వద్దు. 1976లో లంబాడీలను తెలంగాణలో ఎస్టీ జాబితాలో చేర్చినప్పటి నుంచి కోయ, గోండు సంఘాలకు ఆ గాయం మానలేదు. ఇప్పటి ఆదివాసీ రాజకీయం చాలా భాగం ఆ ఒక్క డిమాండు చుట్టే తిరుగుతున్నది. మన మాల మాదిగ సంగతి ఎవరికి తెలియదు? 1994 నుంచి 2024 ఆగస్టు 1 తీర్పు దాకా 30 ఏళ్లు. మాదిగల వాటా న్యాయమైంది, నేను మొదటి నుంచీ దాని వైపే. కానీ ఆ 30 ఏళ్లలో రెండు కులాలూ ఒక్క బీ ఫారం మీద కలిసి సంతకం పెట్టే అలవాటు పోగొట్టుకున్నయి. పక్కింటోడి వాటా గొడవ తేలకుండా పెట్టిన పార్టీ, మొదటి ఎన్నికలోనే ఆ పక్కింటోడికి వ్యతిరేకంగా ఉన్న పెద్ద పార్టీ చేతిలో కర్ర అయితది.

కాబట్టి రేపే పార్టీ పెడదామని నేననను. జెండా రంగు గురించి వాట్సాప్ గ్రూపుల్లో కొట్లాడుకునే తమ్ముళ్లకు ఒక పని చెప్తా. మీ మండలంలో ఏజెన్సీ దళిత వాడలు ఎన్ని, వాటి పక్క కోయగూడెంతో పోడు హద్దు తగాదాలు ఎన్ని, రాసుకురండి. అటవీ హక్కుల కమిటీ ముందు దళితుడి దరఖాస్తుకు ఏ గూడెం పెద్దలు సాక్ష్యం చెప్పిండ్రో, ఏ గూడెం చెప్పలేదో రాయండి. చట్టంలో పెద్దల వాంగ్మూలం కూడా రుజువే. 75 ఏళ్ల రికార్డు లేని మాదిగ ముసలామెకు, "ఈమె అత్త మా తాతకు డప్పు కొట్టింది" అని ఒక కోయ పటేల్ చెప్పే ఒక్క మాట ఉంటే పట్టాకు దారి పడుతది. ఆ మాట ఎన్ని ఊర్లలో వచ్చింది? వచ్చిన ఊర్లే మన మొదటి కమిటీలు.

అట్లనే ఇంట్లో ముసలోళ్లను అడగండి, 1952లో ఏనుగు గుర్తుకు ఓటు వేసినట్టు వాళ్ల అమ్మానాన్న ఎప్పుడన్నా చెప్పిండ్రా అని. మధిర, ఖమ్మం, ఇల్లందు వైపు ఎవరన్నా చెప్తే ఫోన్‌లో రికార్డు చేసి, ఊరి పేరుతో పంపండి.

వచ్చే భాగంలో 1917 ఏజెన్సీ భూ చట్టం నుంచి 1/70 దాకా, ఏజెన్సీ దళితుడు చట్టంలో ఎక్కడ మాయమైండో చూద్దాం.

జై భీమ్. జై సేవా.